చలికాలం ఆయాసానికి జూలైలో వైద్యం: గ్వాంగ్‌జౌ చెల్లికి జవాబు

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నువ్వడిగింది ఇదీ: గ్వాంగ్‌జౌ వచ్చి రెండేళ్ళయింది, పాపకి ఆరేళ్ళు, నవంబర్ వచ్చిందంటే దగ్గు, రాత్రిళ్ళు ఆయాసం, డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ వాడితే బాగానే ఉంటోంది, కానీ స్కూల్ దగ్గర చైనీస్ అమ్మలు జూలైలో హాస్పిటల్‌కి తీసుకెళ్ళి వీపు మీద మందు అతికించమంటున్నారు, పక్కింటి ఆంటీ రోజూ లియాంగ్‌చా తాగించమంటోంది, మీవారేమో ఇదంతా నాటు వైద్యం, జోలికి పోవద్దంటున్నారు. పైగా డిసెంబర్‌లో మీ అత్తగారు వస్తున్నారు, ఆవిడకి షుగర్, గుండె ఆపరేషన్ అయ్యాక రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారు, ఆవిడకేం పెట్టాలి ఏం పెట్టకూడదు అని కూడా అడిగావు.

నేను 2008లో ఎంబీబీఎస్‌కని ఇక్కడికే వచ్చాను. మాకు చైనీస్ వైద్యం ఒక సబ్జెక్ట్, బ్యాచ్‌లో చాలామంది పాసైతే చాలన్నట్టు చదివారు, నాకు మాత్రం దాని మీదే మనసు పడింది, తర్వాత భాష గట్టిగా నేర్చుకుని ఆక్యుపంక్చర్‌లో పీజీ చేసి ఇక్కడే ఉండిపోయాను. అంటే రెండు వైపులా చదువుకున్న దాన్ని, రెండూ నాకు ఇష్టమే. అందుకే అసలు మాట ముందే చెప్పేస్తా. ఇన్‌హేలర్ ఆపకు, ఏ ఆంటీ చెప్పినా ఆపకు. చైనీస్ వాళ్ళు సీజన్‌ని బట్టి చేసే వంటలు, నిద్ర వేళలు, బట్టల జాగ్రత్తలు మాత్రం నిశ్చింతగా నేర్చుకో, వాటిలో పోయేదేమీ లేదు, బోలెడు లాభం ఉంది. మూలికలు ఉన్నది ఏదైనా సరే, పొట్లమైనా సీసా అయినా ప్యాచ్ అయినా, అది మందు, డాక్టర్ చూసి రాస్తేనే.

ముందు ఆ జూలై మందు గురించి, అదే నిన్ను ఎక్కువ కంగారు పెడుతోంది కదా. దాన్ని సాన్‌ఫుతియె అంటారు. సాన్‌ఫు అంటే ఏడాదిలో బాగా ఉక్కపోసే మూడు విడతలు, మనకి రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఎలా లెక్కో వీళ్ళకి ఇది అలాగ. జూన్ 21 దగ్గర వచ్చే పొద్దు నిలిచే రోజు నుంచి లెక్కపెడతారు, వీళ్ళ పాత పది రోజుల చక్రంలో ఏడో రోజుని గెంగ్ అంటారు, అలాంటి మూడో గెంగ్ రోజున మొదటి విడత మొదలు, నాలుగో దానికి రెండో విడత, ఆగస్టు 7, 8 తేదీల్లో వచ్చే లిచియు అంటే శరదృతువు మొదలయ్యాక వచ్చే మొదటి గెంగ్‌కి చివరి విడత. అందుకే ఏటా తేదీ మారుతుంది, జూలై 11 నుంచి 21 లోపు ఎప్పుడైనా మొదలవ్వచ్చు, మొత్తం 30 రోజులు లేదా 40 రోజులు. పాపని మూడు విడతల్లోనూ తీసుకెళ్ళాలి, ఒక్కసారి పెట్టించుకుని వదిలేస్తే లెక్కలోకి రాదంటారు.

మందేమిటంటే తెల్ల ఆవాలు ప్రధానం, వాటితో పాటు యాన్‌హుసువో, గాన్‌సుయి, షీషిన్ అనే మూడు మూలికలు, అన్నీ పొడి చేసి అల్లం రసంతో ముద్ద కలుపుతారు. ఈ పద్ధతి 1695లో జాంగ్ లు అనే వైద్యుడు రాసిన పుస్తకంలో ఉంది, ఇప్పటికీ హాస్పిటళ్ళు చిన్న చిన్న మార్పులతో అదే వాడుతున్నాయి. వీళ్ళ ఆలోచన ఇలా ఉంటుంది: చలికి ఎక్కువయ్యే దగ్గు, ఆయాసం లాంటివి ఒంట్లో దాక్కున్న చల్లదనం వల్ల, అది చలికాలంలో గట్టిగా పట్టుకుని ఉంటుంది కదలదు, బయటా లోపలా వేడి పుంజుకున్నప్పుడు, చర్మం తెరుచుకుని ఉన్నప్పుడు అయితే కదిలించడం తేలిక, కాబట్టి చలికాలం జబ్బుకి ఎండాకాలంలో వైద్యం. అతికించే చోట్లు కూడా లెక్క ప్రకారమే, మెడ కింద ఎముక పొడుచుకొచ్చే చోట ఒకటి, భుజం ఎముకల మధ్య వెన్నుకి అటూ ఇటూ ఊపిరితిత్తుల బిందువులు (ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే చోట్లు) అనేవి రెండు, ఇలా.

నేను స్టూడెంట్‌గా మొదటిసారి చూసినప్పుడు నోరు తెరిచేశాను. పొద్దున్న ఆరున్నరకే హాస్పిటల్ కారిడార్ చివరి దాకా క్యూ, అమ్మమ్మలు తాతయ్యలు మనవళ్ళని ఎత్తుకుని, పిల్లలందరూ చొక్కాలు పైకెత్తి వీపులు చూపిస్తూ నిలబడ్డారు, నర్సు చేతిలో ట్రే, అందులో శనగగింజంత గోధుమరంగు ముద్దలు తెల్ల టేపు మధ్యలో పెట్టి వరుసగా ఉన్నాయి, కారిడార్ అంతా ఆవపిండి ఘాటు, అల్లం వాసన. మన ఇంట్లో ఆవకాయ కలిపే రోజు గుర్తొచ్చింది నాకు, ఆ ఘాటు ముక్కుకి తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఊరు మీద బెంగ కూడా కలిసి ఉంటుందిలే.

ఇప్పుడు నిజం చెప్పాలి కదా. దీని మీద చైనాలో చాలా స్టడీలు జరిగాయి, జలుబు దగ్గు తగ్గాయని, ఆయాసం తక్కువసార్లు వచ్చిందని చెప్పినవి ఎక్కువే, కానీ వాటిలో చాలావాటి పద్ధతి అంత గట్టిది కాదు, ఏది అసలు మందు ఏది ఉత్త ముద్ద అని పేషెంట్‌కి తెలియకుండా దాచడం ఈ మందులో కష్టం, ఎందుకంటే అది మండుతుంది, మండితే తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో కొందరికి బాగా ఉపయోగపడిందని నేను నమ్ముతున్నా, కొందరికి ఏమీ తేడా రాలేదు. పాపకి ఇప్పించాలని నీకుంటే ఇప్పించు, తప్పు కాదు, కానీ అదనంగా మాత్రమే, ఇన్‌హేలర్‌కి బదులుగా కాదు. జ్వరం ఉన్న రోజు వద్దు, ఆయాసం వస్తున్న రోజు వద్దు, చర్మం మీద ఎగ్జిమా ఉంటే వద్దు, టేపుకి ఎలర్జీ ఉంటే ముందే చెప్పు. ఆరేళ్ళ పిల్లకి మామూలుగా అరగంట నుంచి రెండు గంటల లోపు చాలు, పాప మండుతోంది అంటే టైం చూడకుండా అప్పుడే తీసేయి. కొంచెం ఎర్రబడటం మామూలే, బొబ్బలు రావడం మామూలు కాదు. బొబ్బ వస్తేనే మందు పనిచేసినట్టు అని కొందరు పెద్దవాళ్ళు అంటారు, ఆ మాట పిల్లల విషయంలో అస్సలు వినకు.

ఇంకొకటి, ఆన్‌లైన్‌లో కొన్న ప్యాచ్‌లు మాత్రం వద్దు. ఒక ఏడాది మా బాబుకి నాలుగేళ్ళప్పుడు నాకు డ్యూటీలు కుదరక హాస్పిటల్‌కి తీసుకెళ్ళలేకపోయాను, ఒక ఆన్‌లైన్ షాపులో ప్యాచ్‌లు తెప్పించి ఇంట్లోనే పెట్టాను, ప్యాకెట్ మీద ఎంతసేపు ఉంచాలో సరిగ్గా రాసి లేదు, వాడు నిద్రపోయాడు, నేనూ అలసిపోయి పక్కనే పడి నిద్రపోయాను. అర్ధరాత్రి ఏడుపుకి లేచి చొక్కా తీసి చూస్తే రూపాయి బిళ్ళంత మూడు బొబ్బలు, నీళ్ళు నిండి మెరుస్తున్నాయి. ఆ మచ్చ ఒకటి ఇప్పటికీ ఉంది, స్నానం చేయించేటప్పుడు చూసినప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమంటుంది. అన్నీ తెలిసిన నాకే అలా జరిగింది, అందుకే ఇంతలా చెప్తున్నా. ఆ మూలికల్లో గాన్‌సుయి విషపూరితం, షీషిన్ జాతి మొక్కల్లో కిడ్నీలని పాడుచేసే పదార్థం ఉండొచ్చు, ఎంత మోతాదు, మొక్కలో ఏ భాగం అన్నది హాస్పిటల్ ఫార్మసీ చూసుకుంటుంది, ఎక్కడో పొడి కొట్టి అమ్మేవాడు చూసుకోడు.

సరే, ఇక లియాంగ్‌చా. ఇది అర్థం కావాలంటే ముందు నీకు బాగా తెలిసిన మాటతో మొదలుపెడతా. మన ఇళ్ళల్లో వేడి చేసింది అంటాం చూడు, నోట్లో పుండ్లు, కళ్ళ మంటలు, మామిడిపళ్ళు ఎక్కువ తింటే సెగ్గడ్డలు, వాటికి మజ్జిగ, సబ్జా నీళ్ళు, చలవ చేసేవి ఇస్తాం. కాంటనీస్ వాళ్ళు అచ్చం అలాగే యిత్ హెయ్ అంటారు, మిగతా చైనాలో షాంగ్‌హువో అంటారు, అంటే నిప్పు పైకెక్కింది అని. మనకి మామిడిపండు ఎలాగో వీళ్ళకి లిచీ అలాగ, ఒక్క లిచీ మూడు మంటలు అని సామెతే ఉంది. అందుకే మన తెలుగువాళ్ళకి చైనీస్ వైద్యం మిగతా ఫారినర్ల కంటే తొందరగా ఎక్కుతుంది. కానీ ఇక్కడే ఒక చిక్కు, వాళ్ళ గాలి మన వాతం ఒకటి కాదు, వాళ్ళ తేమ మన కఫం పూర్తిగా ఒకటి కాదు, మన లెక్క మూడు దోషాలది వాళ్ళ లెక్క ఐదు మూలకాలది, పేర్లు కలిశాయి కదా అని అత్తగారి ఆయుర్వేద చూర్ణమూ పక్కింటి ఆంటీ కషాయమూ కలిపి ఇవ్వకు.

లియాంగ్‌చా అంటే అర్థం చల్లని టీ, చల్లగా తాగుతారని కాదు, ఒంటికి చలవ చేస్తుందని. వాంగ్‌లావోజీ అనే పేరు 1828 నుంచి ఉంది, వీధికో లియాంగ్‌చా షాపు, ఇత్తడి కుండలు, 24 రకాల మూలికలు వేసిన కషాయమైతే వేప కషాయం కూడా నయమనిపించేంత చేదు. చామంతి పూలు, హనీసకుల్ పూలు, ప్రునెల్లా, అతిమధురం ఇలాంటివి వేస్తారు. ఎండాకాలంలో గొంతు మండుతున్న పెద్దవాడు ఒక గ్లాసు తాగితే హాయిగా ఉంటుంది, నేనూ తాగుతాను. కానీ ఆరేళ్ళ పిల్లకి రోజూ? వద్దు. చైనీస్ వైద్యం ప్రకారమే వద్దు, నేను డాక్టర్‌ని అని చెప్పడం కాదు. ఇది బాగా చలవ చేసే పదార్థం, పిల్లల జీర్ణశక్తి ఇంకా లేతగా ఉంటుంది, రోజూ పోస్తే ఆకలి చచ్చిపోతుంది, విరేచనాలు పల్చబడతాయి, పైగా నీ పాపది చలికి వచ్చే దగ్గు, చల్లదనం మీద చల్లదనం పోసినట్టవుతుంది. డబ్బాల్లో వచ్చే తియ్య లియాంగ్‌చా అయితే అది కూల్‌డ్రింక్, మందు కాదు, పంచదార నీళ్ళు. ఇంకా, కొన్ని షాపులవాళ్ళు తొందరగా గుణం కనిపించాలని పారాసెటమాల్, జలుబు మాత్రల పొడి కలిపి అమ్మి దొరికిపోయిన సంగతులు గ్వాంగ్‌డాంగ్ వార్తల్లో చాలాసార్లు వచ్చాయి.

ఇక్కడ ఎవరూ నీకు చెప్పని సంగతి ఒకటి. పాపకి జీసిక్స్‌పీడీ టెస్ట్ చేయించావా? అది ఒక ఎంజైమ్, కొంతమందికి పుట్టుకతోనే తక్కువ ఉంటుంది, అలాంటివాళ్ళకి కొన్ని మందులు, పచ్చి ఫావా బీన్స్, బట్టల్లో పెట్టే కలరా ఉండలు పడితే రక్తకణాలు విరిగిపోయి పచ్చకామెర్లు వస్తాయి. గ్వాంగ్‌డాంగ్‌లో ఈ లోపం ఎక్కువ కాబట్టి ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ పరీక్ష చేస్తారు, అందుకే ఇక్కడి అమ్మలకి తమ పిల్లల సంగతి తెలుసు, నిశ్చింతగా ఉంటారు. హనీసకుల్, హువాంగ్‌లియాన్ లాంటి మూలికలు ఈ లోపం ఉన్న పిల్లలకి ఇవ్వొద్దని ఇక్కడి డాక్టర్లు చెప్తారు. మన దగ్గర పుట్టిన పిల్లలకి చాలామందికి ఈ టెస్ట్ జరగదు, మనవాళ్ళలోనూ ఈ లోపం ఉంది. మామూలు రక్తపరీక్షే, ఒకసారి చేయించేసి కాగితం జాగ్రత్తగా పెట్టుకో. ఆ కాగితం వచ్చేదాకా పాపకి ఏ పూల టీ కూడా వద్దు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, సీజన్ బట్టి ఇంట్లో చేసుకునేవి. హువాంగ్‌ది నెయ్‌జింగ్ అని రెండువేల ఏళ్ళ కిందటి వైద్యగ్రంథం ఉంది, అందులో ఒక మాట నాకు చాలా ఇష్టం, జబ్బు ముదిరాక మందు వేయడమంటే దాహం వేశాక బావి తవ్వడం, యుద్ధం మొదలయ్యాక కత్తులు పోత పోయడం లాంటిది అని. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మన నాయనమ్మలు అనేది ఇదే కదా. చైనీస్ వాళ్ళు ఏడాదిని 24 భాగాలు చేసి, పదిహేను రోజులకొకటి, ఏ భాగంలో ఏం తినాలి ఎలా ఉండాలి అని పెట్టుకున్నదంతా ఈ ఒక్క మాట కోసమే, రాబోయే సీజన్‌కి ఇప్పుడే ఒళ్ళు సిద్ధం చేసుకోవడం. అదే గ్రంథంలో నిద్ర గురించి కూడా ఉంది, వసంతం, ఎండాకాలాల్లో కాస్త ఆలస్యంగా పడుకుని పెందలాడే లేవమని, శరత్తులో కోడితో పడుకుని కోడితో లేవమని, చలికాలంలో మాత్రం తొందరగా పడుకుని ఎండ వచ్చాకే లేవమని. పాపని డిసెంబర్‌లో స్కూల్ ముందు ఐదున్నరకి లేపి డాన్స్ ప్రాక్టీస్ చేయిస్తున్నానని రాశావు చూడు, అది మానెయ్, సాయంత్రం చేయించు.

గ్వాంగ్‌జౌలో అసలు కష్టకాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, హుయ్‌నాన్‌తియాన్ అంటారు, దక్షిణం నుంచి వెచ్చని తడిగాలి వచ్చి చల్లటి గోడలకి తగిలి ఇల్లంతా చెమట పట్టినట్టు కారుతుంది, నువ్వు చూసే ఉంటావు. ఆ తేమకి బూజు పడుతుంది, బూజు ఆయాసానికి శత్రువు, కాబట్టి ఆ రోజుల్లో పొద్దున్నా సాయంత్రం కిటికీలు మూసేయి, తేమ లాగే మెషీన్ ఒకటి కొనుక్కో, ఇది చైనీస్ వైద్యమూ చెప్తుంది ఇంగ్లీషు వైద్యమూ చెప్తుంది. తినడానికి ఎర్ర అజుకి పప్పు, బార్లీ లాగా కనిపించే యీమీ గింజలు, తెల్ల చిక్కుడు గింజలు వేసి పల్చటి సూప్ పెడతారు. యీమీని ముందు దోరగా వేయించు, పచ్చిది మరీ చలవ, కడుపుతో ఉన్నవాళ్ళకి పెట్టకు. ఈ కాలంలోనే వాళ్ళ మాట ఇంకోటి, వసంతంలో కప్పుకో, శరత్తులో చలి తట్టుకో అని. ఎండ మొహం కనిపించగానే స్వెట్టర్లు తీసేయొద్దు, అక్టోబర్‌లో చిన్న చలిగాలికే బొంతలు చుట్టొద్దు.

స్కూల్ గేటు దగ్గర గమనించావా, పిల్లల మెడ వెనక చొక్కాలోంచి ఒక తెల్ల గుడ్డ బయటికి వేలాడుతుంటుంది, మొదట్లో నాకది ఏమిటో అర్థం కాలేదు. చెమట గుడ్డ అది. ఆడుకునేటప్పుడు వీపున పెట్టి, ఆట అయ్యాక సర్రున లాగేస్తారు, కింద వీపు పొడిగా ఉంటుంది. తడి వీపు మీద ఏసీ గాలి తగిలితే అదే జలుబుకి తలుపు అని వాళ్ళ నమ్మకం. ఏసీ క్లాసుకీ ఉక్క గ్రౌండుకీ మధ్య తిరిగే పిల్లకి ఇది ఎంత సులువైన సాయమో చూడు, కొద్ది డబ్బుకే నాలుగు గుడ్డలు వస్తాయి. నీ పాపకి రేపే మొదలుపెట్టు, నేను చెప్పేవాటిలో పెద్దగా ఖర్చు లేనిదీ ముప్పు లేనిదీ ఇదే.

ఎండాకాలానికి బూడిద గుమ్మడికాయ. మనం గుమ్మానికి కడతాం, వడియాలు పెడతాం, వీళ్ళు తొక్కతో సహా పెద్ద ముక్కలు కోసి, యీమీ, కొంచెం పంది ఎముకలు, తామరాకు వేసి రెండు గంటలు సన్న సెగ మీద ఉడికిస్తారు. మీరు పంది తినకపోతే చికెన్ ఎముకలతో చెయ్యి, లేదా ఉత్త గుమ్మడే, ఉప్పు చివర్లో. మా ఇంటి ఓనరమ్మ నాకు మొదటి ఏడాది ఈ సూప్ ఇచ్చినప్పుడు, చప్పగా ఉందని మొహం పెట్టాను, ఆవిడ ఏమీ అనకుండా మర్నాడు మళ్ళీ తెచ్చి ఇచ్చింది, మూడో రోజుకి నేనే గిన్నె పట్టుకుని వెళ్ళాను. పెసలు ఉడికించి పటికబెల్లం వేసి ఆ నీళ్ళు తాగడం ఇంకోటి, శ్రీరామనవమికి వడపప్పు పెట్టే మనకి ఇది కొత్తేం కాదు.

చలికాలం ముల్లంగి, ఎండాకాలం అల్లం తింటే డాక్టర్ చీటీ అక్కర్లేదని వీళ్ళ సామెత. తలకిందులుగా అనిపిస్తుంది కదా, కారణం ఉంది. ఎండాకాలంలో వేడంతా ఒంటి పైకి వచ్చేస్తుంది, ఐస్ నీళ్ళు, పుచ్చకాయ, ఏసీ వల్ల కడుపు చల్లబడి ఉంటుంది, దానికి అల్లం. చలికాలంలో మాంసం, నూనె దట్టించి తింటారు, కదలరు, లోపల వేడి పేరుకుంటుంది, దానికి ముల్లంగి. జూలైలో పాప పొద్దున్న తినే జావలో రెండు అల్లం ముక్కలు వెయ్, రాత్రి పూట మాత్రం అల్లం వద్దంటారు.

ఎండాకాలం వాంతులు, కడుపు నొప్పికి ఇక్కడ అందరూ ఇచ్చే హువోషియాంగ్ జెంగ్‌చీ అనే మందుంది. అందులో చిన్న సీసాల్లో వచ్చే పాత రకంలో దాదాపు సగం ఆల్కహాల్ ఉంటుంది. పిల్లలకి అది వద్దు, ఆల్కహాల్ లేని రకం వేరే ఉంది, అట్ట మీద చూసి అడుగు. మీవారు కొన్ని రకాల యాంటీబయాటిక్‌లు, ముఖ్యంగా సెఫ్‌తో మొదలయ్యే పేరున్నవి, వాడుతున్నప్పుడు ఈ ఆల్కహాల్ రకం ఒక్క సీసా తాగినా మొహం ఎర్రబడి, గుండె దడ, బీపీ పడిపోవడం జరగొచ్చు. తాగి కారు నడిపితే పోలీసు మెషీన్‌లోనూ పట్టుబడతారు.

జూన్ దగ్గర డువాన్‌వు పండగ వస్తుంది, డ్రాగన్ పడవల పండగ, చైనీస్ చాంద్రమానం లెక్కలో ఐదో నెల ఐదో రోజు. ఆ రోజు మార్కెట్‌కి వెళ్ళు తప్పకుండా. ప్రతి గుమ్మానికీ కట్టే ఆకుల కట్టలు అమ్ముతారు, దగ్గరికెళ్ళి వాసన చూస్తే నీకు వినాయక చవితి గుర్తొస్తుంది, ఎందుకంటే అందులో ఒకటి మన పూజలో మొట్టమొదట వేసే మాచిపత్రికి అక్కచెల్లెలు లాంటి మొక్క, కత్తిలా పొడుగ్గా ఉండే రెండోది మన వస. పిల్లలకి మాటలు రావాలని నాకించే ఆ వస కొమ్ము మొక్కే. మాచిపత్రి లాంటి ఆ మొదటి ఆకుని ఎండబెట్టి నలిపి చుట్ట చుట్టి కాల్చి, ఆ సెగని ఒంటి బిందువుల దగ్గర పెట్టే వైద్యమే ఆయ్‌జియు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో కాలి ఎముక పక్కన ఉండే జుసాన్‌లి బిందువు దగ్గర పెడితే ఒంటికి బలమంటారు. కానీ మీ ఇంట్లో వద్దు చెల్లీ, పొగ, గది నిండా దట్టంగా పొగ, ఆయాసం ఉన్న పిల్లకి అసలు పడదు. ఆ బిందువుని వేలితో నొక్కు, రోజూ పడుకునే ముందు రెండు కాళ్ళకీ రెండేసి నిమిషాలు, పాపకి అమ్మ చేతి స్పర్శ కూడా దొరుకుతుంది.

శరత్తు అంటే పొడి. ఇక్కడ అక్టోబర్‌లో గాలి ఒక్కసారిగా మారుతుంది, పెదాలు పగులుతాయి, గొంతు గరగర, వీళ్ళ లెక్కలో ఊపిరితిత్తుల కాలం ఇదే, పాప విషయంలో నువ్వు మేలుకోవాల్సింది నవంబర్‌లో కాదు, సెప్టెంబర్ మొదట్లో బైలు అంటే తెల్లమంచు అనే భాగం వచ్చినప్పుడు. నాషిపాతీ పండు పైభాగం మూతలా కోసి, గింజల భాగం చెంచాతో తీసేసి, ఆ గుంతలో నాలుగు పటికబెల్లం ముక్కలు వేసి, మూత పెట్టి ఆవిరి మీద అరగంట పైన ఉడికించు, లోపల ఊరిన రసంతో సహా గోరువెచ్చగా తినిపించు, వారానికి రెండు మూడు సార్లు చాలు. చువాన్‌బెయ్ అనే దగ్గు మూలిక పొడి కలపమని ఆంటీ చెప్తుంది, అక్కర్లేదు, అది ఖరీదైన సరుకు, ఖరీదు కాబట్టే కల్తీ ఎక్కువ. ఒక్క షరతు, కళ్ళె తెల్లగా నీళ్ళలా ఉండి, చలికి వణుకుతూ దగ్గుతుంటే ఈ పండు వద్దు, ఇది చలవ చేసేదే, పొడి దగ్గుకే పనికొస్తుంది.

జలుబు వచ్చేసిందనుకో, అప్పుడు కూడా వాళ్ళు రెండు రకాలుగా విడదీస్తారు. ముక్కు నీళ్ళు కారుతూ చలి వేస్తూ నాలుక మీద పూత తెల్లగా ఉంటే చల్ల గాలి జలుబు, గొంతు మండుతూ చీమిడి పచ్చగా దాహంగా ఉంటే వేడి గాలి జలుబు. మొదటిదానికి అల్లం, ఉల్లికాడల తెల్ల భాగం మరిగించి బెల్లం వేసి ఇవ్వొచ్చు. పద్దెనిమిది వందల ఏళ్ళ కింద జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు, దాల్చిన పుల్ల, అల్లం, ఎండు రేగుపళ్ళు, అతిమధురం, పియొనీ వేరు కలిపిన కషాయం ఇచ్చి, వెంటనే ఒక గిన్నె వేడి గంజి తాగి దుప్పటి కప్పుకో, సన్నగా చెమట పట్టాలి కానీ ధార కట్టకూడదు అని రాశాడు. మందుకి గంజి తోడు, మన ఇళ్ళల్లో జ్వరానికి కాచే గంజే. రెండో రకానికి యిన్‌చియావో అనే మందు ఇస్తారు, అందులో హనీసకుల్ ఉంది, నేను పైన చెప్పిన టెస్ట్ సంగతి గుర్తుంది కదా. లియాన్‌హువా చింగ్‌వెన్ అని కోవిడ్ టైంలో అందరి ఇళ్ళల్లో చేరింది, అందులో ఎఫిడ్రా ఉంటుంది, గుండె దడ పెంచుతుంది, ఇన్‌హేలర్ వాడే పిల్లకి సొంతంగా ఇవ్వకు, అత్తగారికి అసలే వద్దు. యూపింగ్‌ఫెంగ్ అని మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకి రాసే పొడి ఉంది, డాక్టర్ రాస్తే మంచిదే, కానీ జ్వరం ఉన్నప్పుడు ఆపాలి, దొంగని లోపల పెట్టి తలుపు గడియ వేసినట్టవుతుందని వీళ్ళంటారు.

అత్తగారి విషయం. డిసెంబర్ 21, 22న దోంగ్‌జి, చలికాలం నడిమి రోజు, కొత్త సంవత్సరం కంటే పెద్ద పండగ అని ఇక్కడివాళ్ళ సామెత. మేకమాంసం, అల్లం, దాంగ్‌గుయి వేరు వేసిన సూప్ పెడతారు, ఇరుగుపొరుగువాళ్ళు ప్రేమగా గిన్నె తెచ్చి ఇస్తారు. ఆవిడ వేసుకునేది వార్ఫరిన్ అయితే దాంగ్‌గుయి వద్దు, రక్తం మరీ పల్చబడి ఎక్కడైనా కారే ప్రమాదం ఉంది. మాంసం, అల్లం, మిరియాలతో నువ్వే విడిగా చేసి పెట్టు. సన్నగా కోసిన అతిమధురం ముక్కలు టీలో వేసి రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, అదీ వద్దు. శరత్తులో అమ్మే నాషిపాతీ పాకం, షాంఘై వైపు చలికాలమంతా రోజూ స్పూను చొప్పున తినే లేహ్యాలు, వీటి నిండా చక్కెర, షుగర్ ఉన్నవాళ్ళకి కాదు.

మీవారికి ఒక మాట చెప్పు. నాటు వైద్యం అని తీసిపారేయడం సరికాదు. 1600 ఏళ్ళ కింద గె హోంగ్ అనే ఆయన, జ్వరాలకి చింగ్‌హావో అనే మొక్కని నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని రాశాడు. మరిగించమనలేదు, పిండమన్నాడు. ఆ ఒక్క ముక్క చూసి తు యోయో అనే చైనా శాస్త్రవేత్త ఎక్కువ వేడి తగలకుండా మందు తీసే పద్ధతి పట్టుకున్నారు, అలా దొరికిందే ఆర్టెమిసినిన్, దాని నుంచి చేసిన మందులే మలేరియాకి ఇప్పుడు మన పీహెచ్‌సీల్లో కూడా వాడుతున్నారు, ఆవిడకి 2015లో నోబెల్ వచ్చింది. అలాగని మూలికలు కదా ఏం చేస్తాయిలే అనుకోవడం కూడా సరికాదు, 1990ల్లో బెల్జియంలో సన్నబడటానికని ఇచ్చిన మాత్రల్లో ఒక మూలిక బదులు ఇంకో మూలిక పడి, వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. పనిచేసే గుణం ఉంది కాబట్టే చెడు చేసే గుణం కూడా ఉంది.

జూలై లోపు నువ్వు చేయాల్సింది, జీసిక్స్‌పీడీ టెస్ట్, తర్వాత పెద్ద ప్రభుత్వ చైనీస్ వైద్య హాస్పిటల్‌లో పిల్లల విభాగంలో అపాయింట్‌మెంట్, మొదటి విడతకి రెండు వారాల ముందే తీసుకో లేకపోతే దొరకదు. వెళ్ళేటప్పుడు ఇన్‌హేలర్ డబ్బా పట్టుకెళ్ళు, పాప ఆ రోజు పొద్దున్న రంగు చాక్లెట్లు, పాలు తీసుకోకుండా చూడు, నాలుక రంగు చూస్తారు. ఈలోపు నాకు ఇవి రాయి: రాత్రి దగ్గేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తుందా, ఏ గంటకి ఎక్కువ, కళ్ళె రంగు ఏమిటి, ఇన్‌హేలర్ రోజూ వాడేదా లేక ఆయాసం వచ్చినప్పుడే వాడేదా, డబ్బా మీద పేరు ఏముంది. అవి చూసి సెప్టెంబర్ నుంచి ఏం పెట్టాలో పాప వరకు విడిగా చెప్తాను.